ఆటలో అరటిపండు

పిల్లలూ, మీ వీధిలో ఆట మొదలయ్యే ముందు ఇద్దరు నాయకులు ఎదురెదురుగా నిలబడి, ఒక్కొక్కర్నే కోరుకుంటారు గదా! తెనాలి దగ్గర మా ఊళ్ళో నేను చదువుకునే రోజుల్లోనూ అంతే. చెడుగుడుకైనా అంతే, బిళ్ళంగోడుకైనా అంతే. అందర్నీ పంచుకోవటం అయిపోయాక ఎప్పుడూ నేనొక్కణ్ణే మిగిలేవాణ్ణి. నేను మరీ పొట్టి, పైగా బక్కపలచన. "వీణ్ణి నువ్వు తీసుకో," అని ఒకడంటే, "నాకెందుకురా, నువ్వే ఉంచుకో," అని రెండోవాడనేవాడు. చివరకు ఎవరో జాలిపడి, "పోనీలే, వాడు ఆటలో అరటిపండు!" అనేవారు. ఆ మాటకు అర్థం మీకు తెలియకపోదు. ఆటలో ఉన్నట్టే ఉంటాడు, వాణ్ణి మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

అటువంటి నేను, అరవై రెండేళ్ళు వచ్చాక, అదేమాట మరొక పిల్లవాడితో అన్నాను. ఆ సంగతి మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

2006లో నేనూ, మీ మామ్మా మా అమ్మాయిని చూడటానికి అమెరికా వెళ్ళాం. వాళ్ళుండేది రోడ్ ఐలెండ్. ఆ దేశంలోకెల్లా చిన్న రాష్ట్రం అదే. మా మనమడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. నా పోలికే వాడికి వచ్చింది కాబోలు, వాళ్ళ తరగతిలో వాడే పొట్టి. అక్కడ పిల్లలు క్రికెట్ ఆడరు, బేస్‌బాల్ ఆడతారు. మావాడు కూడా ఒక పిల్లల జట్టులో చేరాడు. వాడికి షార్ట్‌స్టాప్ అనే చోట ఆడాలని కోరిక. కాని ఆట నేర్పేవారు వాణ్ణి కుడివైపు దూరంగా, బంతి ఎప్పుడోగాని రానిచోట నిలబెట్టేవారు. వాడక్కడ నిలబడి గడ్డిపరకలు పీక్కుంటూ ఉండేవాడు.

ఒకరోజు ఆట నుంచి రాగానే వాడు, "తాతయ్యా, నన్ను షార్ట్‌స్టాప్‌లో పెట్టరట. నేను చిన్నగా ఉన్నానట," అన్నాడు.

నేను పేపరు చదువుతూ, తల ఎత్తకుండానే, "నిజమే కదరా! పొట్టివాడివి, నీకెందుకు ఆ ఆటలు? వాళ్ళకు నువ్వు ఆటలో అరటిపండువి. లెక్కలు చేసుకో, అవి పనికొస్తాయి," అన్నాను. ముప్ఫైయేళ్ళపాటు లెక్కలు చెప్పిన మేష్టర్ని మరి! వాడికి ఆ తెలుగు నానుడి అర్థం కాలేదు. వాళ్ళ అమ్మనడిగి తెలుసుకున్నాడు. తరవాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ శనివారం మా అల్లుడుగారు, "మామయ్యగారూ, పక్కనే పటకెట్ అని ఒక ఊరుంది. అక్కడ ఆట చూసి వద్దాం రండి," అన్నారు. నేను కదలను అనబోయాను గాని, మనమడి మొహం చూసి లేచాను.

ఇక్కడ ఆట గురించి కాస్త చెప్పకపోతే మీకు తరవాతి కథ బోధపడదు. ఒక కాగితం మీద నలుచదరం గీసి, దాన్ని ఒక కొనమీద నిలబెట్టండి. కింది కొన దగ్గర బ్యాటుతో కొట్టేవాడుంటాడు. అతను బంతిని కొట్టి కుడిచేతి కొనకు, అంటే మొదటి బేసుకు పరిగెత్తుతాడు. అక్కణ్ణించి పై కొనకు, అక్కణ్ణించి ఎడమ కొనకు, అక్కణ్ణించి మళ్ళీ బయలుదేరినచోటికి వస్తే ఒక పరుగు. ఒక్కొక్క భుజం పొడవు 90 అడుగులు, అంటే 27 మీటర్ల పైచిలుకు. ఈ చదరాన్ని కాసేవాళ్ళను ఇన్‌ఫీల్డర్లంటారు. మూడు బేసుల దగ్గరా ముగ్గురు, రెండవ బేసుకూ మూడవ బేసుకూ నడుమ షార్ట్‌స్టాప్.

ఈ షార్ట్‌స్టాప్ పని చూడండి. కొట్టినవాడు మొదటి బేసు చేరటానికి సుమారు నాలుగుంబావు సెకన్లు పడుతుంది. బంతి నేలమీద ఎగురుతూ షార్ట్‌స్టాప్ దగ్గరికి రావటానికే దాదాపు రెండు సెకన్లు పోతాయి. మిగిలిన రెండు సెకన్ల చిల్లరలో అతడు దాన్ని పట్టాలి, గ్లౌజులోంచి చేతిలోకి తీసుకోవాలి, దూరాన ఉన్న మొదటి బేసుకు గురి తప్పకుండా విసరాలి. మధ్యలో ఒక్కసారి బంతి వేళ్ళలో తడబడిందా, కొట్టినవాడు క్షేమంగా చేరిపోతాడు. అందుకే ఇన్‌ఫీల్డర్ల గ్లౌజు దూరాన నిలబడేవాళ్ళ గ్లౌజుకంటె చిన్నది. పెద్ద గ్లౌజులో బంతి లోపలికి పోయి దాక్కుంటుంది, వెతుక్కునే వ్యవధి వీళ్ళకు లేదు.

అప్పట్లో పటకెట్‌లో ఉండే జట్టు పెద్ద జట్టు కాదు. అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరాన ఉన్న బోస్టన్ పెద్ద జట్టుకు అది పిల్లజట్టు. అమెరికాలో బేస్‌బాల్ వృత్తిగా తీసుకున్నవాళ్ళు తిన్నగా పెద్ద జట్టులోకి వెళ్ళటం చాలా అరుదు. నిచ్చెన ఎక్కినట్టు చిన్న చిన్న ఊళ్ళ జట్లలో ఒక్కొక్క మెట్టూ ఎక్కాలి. అప్పట్లో పటకెట్ చివరి మెట్టు. చివరి మెట్టే గాని, దానిమీదనే నిలబడిపోయి ఇంటికి తిరిగి వెళ్ళినవాళ్ళు ఎందరో!

మేము వెళ్ళేసరికి ఇంకా ఆట మొదలుకాలేదు, ఆటగాళ్ళు అభ్యాసం చేస్తున్నారు. మావాడు కంచె పట్టుకుని నిలబడ్డాడు. నేల మీద వచ్చే బంతుల్ని ఒకతను టకటకా పట్టి విసురుతున్నాడు. మిగతావాళ్ళ పక్కన అతను కాలేజీ అబ్బాయిలా కూడా లేడు, హైస్కూలు పిల్లవాడిలా ఉన్నాడు. నేను అల్లుడుగారితో, "ఎవరండీ ఈ కుర్రాడు? బంతులు అందించేవాడా?" అన్నాను.

ఆయన నవ్వి, "కాదు మామయ్యగారూ. అతను డస్టిన్ పెడ్రోయా, ఇవాళో రేపో బోస్టన్ నుంచి పిలుపు వస్తుందంటున్నారు," అన్నారు.

మావాడు ఒక్కసారి నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. అనవలసిన పని లేదు.

తరవాత ఈ పెడ్రోయా గురించి నేను శ్రద్ధగా తెలుసుకున్నాను. అతను 1983లో కాలిఫోర్నియాలో ఉడ్‌లండ్ అనే ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు టైర్ల దుకాణం నడిపేవారు. అతని ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలని కాగితాలలో రాసేవారు, అది కూడా కాస్త ఉదారంగా రాసిందేనని చూసినవాళ్ళు అనేవారు. మన దగ్గర అది పొట్టి కాదు. ఆరడుగులు దాటినవాళ్ళ మధ్య మాత్రం పొట్టే.

హైస్కూలు అయ్యాక అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరి మూడేళ్ళు షార్ట్‌స్టాప్‌గా ఆడాడు. అక్కడ ఆటలో దిట్టలైన వాళ్ళకు చదువు ఖర్చు విశ్వవిద్యాలయమే భరిస్తుంది. కాని అప్పట్లో ఒక్కొక్క జట్టుకు ఇంత అని లెక్క ఉండేది, అంతకు మించి ఇవ్వటానికి వీలుండేది కాదు. అతనున్న జట్టుకు మంచి పిచ్చర్లు, అంటే బంతి వేసేవాళ్ళు కొరవడ్డారు. వాళ్ళను తీసుకురావటానికి చేతిలో సొమ్ము లేదు. అప్పుడు పెడ్రోయా తన వేతనంలో మిగిలిన రెండేళ్ళదీ వదులుకున్నాడు. టైర్ల దుకాణం వాళ్ళకు అది చిన్న మొత్తం కాదు. అతను కొట్టిన దెబ్బలన్నిటికంటె ఈ ఒక్క సంగతే నాకు ఇప్పటికీ పెద్దదిగా తోస్తుంది.

అదే జట్టులో ఇయన్ కిన్స్‌లర్ అనే మరొక మంచి షార్ట్‌స్టాప్ ఉండేవాడు. ఆ స్థానం పెడ్రోయాకు దక్కేసరికి అతను మరొక విశ్వవిద్యాలయానికి మారిపోయాడు. పాపం, ఏమైపోయాడో అనుకునేరు! అతను కూడా పెద్ద జట్టుకే చేరాడు, ఏళ్ళ తరబడి పేరుమోసిన రెండవ బేసు ఆటగాడయాడు.

అమెరికాలో పెద్ద జట్లు 30 ఉన్నాయి. ఏటా కొత్త ఆటగాళ్ళను అవి వంతులవారీగా కోరుకుంటాయి. సరిగ్గా మన వీధిలో మాదిరే! హైస్కూలు ముగించినవాణ్ణి కోరుకోవచ్చు, నాలుగేళ్ళ కాలేజీలో చేరినవాణ్ణయితే సామాన్యంగా మూడో ఏడు గడిచేదాకా ముట్టకూడదు. 2004లో అందరికంటె ముందు కోరుకోబడినవాడు హైస్కూలు షార్ట్‌స్టాప్ ఒకడు. పెడ్రోయా వంతు ఎప్పుడు వచ్చిందనుకున్నారు? అరవై అయిదోది. అంటే 64 సార్లు మరొకరి పేరు పిలిచారు. బోస్టన్‌కు ఆ ఏడు మొదటి వరసలో వంతు లేదు, వాళ్ళకు వచ్చిన మొదటి వంతులో అతన్ని తీసుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను, "అయితే చదువు మూడో ఏట ఆపి ఆటకు వెళ్ళాడన్నమాట. పెద్ద జట్టులో చోటు దొరక్కపోతే?" అని అడిగాను. ఈ పేజీ చదివే అమ్మానాన్నలు కూడా ఇదే అడుగుతారని నాకు తెలుసు. మా అల్లుడుగారు దాచలేదు. చిన్న జట్లలో జీతం బహుస్వల్పమనీ, అదికూడా ఆటలు జరిగే నెలల్లోనేననీ, రాత్రంతా బస్సు ప్రయాణాలనీ, అక్కడ ఆడేవాళ్ళలో చాలామంది పెద్ద జట్టు గడప తొక్కనే తొక్కరనీ చెప్పారు. మా మనమణ్ణి కాలేజీ మూడో ఏట పంపమంటే నేను పంపుతానా? ఇప్పుడడిగినా వెంటనే ఔనని చెప్పలేను.

పెడ్రోయా మాత్రం మెట్లు చకచకా ఎక్కాడు. 2004లోనే జార్జియాలోని అగస్టా, ఆ తరవాత ఫ్లోరిడాలోని సారసోటా. 2005లో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్, అక్కణ్ణించి పటకెట్. దారిలో అతనికి ఒక మార్పు వచ్చింది. షార్ట్‌స్టాప్ నుంచి అతన్ని క్రమంగా రెండవ బేసుకు జరిపారు. మీ బొమ్మ మళ్ళీ చూడండి. షార్ట్‌స్టాప్ నుంచి మొదటి బేసుకు విసరాలంటే మైదానం అడ్డంగా విసరాలి, చెయ్యి చాలా బలంగా ఉండాలి. రెండవ బేసు మనిషి మొదటి బేసుకు దగ్గరగా ఉంటాడు. అక్కడ చేతి బలంకంటె కాలి చురుకూ, గ్లౌజులోంచి బంతి తీసే వేగమూ ముఖ్యం.

పటకెట్ ఆటస్థలం గురించి ఒక తమాషా చెప్పకుండా ముందుకు పోలేను. బేస్‌బాల్‌లో సామాన్యంగా తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి, సమంగా ఉంటే తేలేదాకా ఆడుతూనే ఉండాలి. 1981 ఏప్రిల్ 18వ తేదీ రాత్రి అక్కడ మొదలైన ఒక ఆట తెల్లవారుజామున నాలుగు గంటలు దాటేవరకూ తేలలేదు. 32 ఇన్నింగ్స్ అయాయి. చలిలో చివరిదాకా మిగిలిన ప్రేక్షకులు పందొమ్మిదిమంది! ఆపిన ఆటను జూన్ 23న మళ్ళీ సాగిస్తే, 33వ ఇన్నింగ్స్‌లో పద్దెనిమిది నిమిషాలకే ముగిసింది. పటకెట్ 3-2తో గెలిచింది. వృత్తి ఆటగాళ్ళు ఆడిన బేస్‌బాల్ ఆటలలో ఇంతకంటె పొడుగాటి ఆట లేదు.

సరే, మా కథకు వస్తాను. ఆ ఆటస్థలంలో ఆటగాళ్ళు కూచునే చోటు ప్రేక్షకుల సీట్లకు అడుగున, గుంటలో ఉన్నట్టుగా ఉండేది. పైన కూచున్న పిల్లలకు ఆటగాళ్ళు కనిపించేవారు కాదు, చేతికి అందేవారు కాదు. అందుకని పిల్లలు ఒక ఉపాయం కనిపెట్టారు. పెద్ద పాలసీసాకు పక్కన కిటికీలా కోసి, అందులో ఒక బంతీ కలమూ పెట్టి, తాడు కట్టి నూతిలోకి చేద వదిలినట్టు కిందికి వదిలేవారు. కింద ఎవరో ఒకరు బంతి తీసి, సంతకం చేసి, మళ్ళీ సీసాలో పెట్టేవారు. తాడు కదిలితే పైకి లాగేవారు. మా అల్లుడుగారు ఇంటిదగ్గరే సీసా కోసి తయారుచేశారు. మావాడు దాన్ని వదిలి, తాడు పట్టుకుని చేపకోసం కూచున్నట్టు కూచున్నాడు. ఎంతసేపటికీ కదలలేదు. పక్కపిల్లల సీసాలు పైకి వస్తున్నాయి. మాది రాలేదు. నాకు మా ఊరి బడిముందు స్థలం జ్ఞాపకం వచ్చింది. చివరకు తాడు చిన్నగా రెండుసార్లు కదిలింది.

మర్నాడు సాయంత్రం నేను మనమడితో, "ఒరే, నాకు నీ ఆట నేర్పుతావా?" అన్నాను. క్షమించమని అడగటం నాకు చేతగాలేదు. వాడు కాసేపు ఆలోచించి, "నువ్వు బంతులు వెయ్యి, నేను పడతాను," అన్నాడు. అప్పటినించి రోజూ వంద బంతులు నేలమీద విసిరేవాణ్ణి. మొదట పాత టెన్నిస్ బంతి, తరవాత అసలు బంతి. అసలు బంతి 145 గ్రాముల బరువుంటుంది, తోలు మీద ఎర్రదారంతో కుట్లుంటాయి, నేలమీద ఆ కుట్లు తగిలితే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం.

మొదట్లో బంతి వాడి గ్లౌజుకు తగిలి రాయిలా ఎగిరిపోయేది. ఇక్కడ నా చదువు కొంత అక్కరకొచ్చింది. మీ వైపు ఎవరైనా కోడిగుడ్డు విసిరారనుకోండి, ఎలా పట్టుకుంటారు? చేతులు ముందుకు చాచి, గుడ్డు తగలగానే దానితోపాటు వెనక్కి లాక్కుంటారు. అలా లాక్కుంటే గుడ్డు ఆగటానికి కాస్త ఎక్కువ వ్యవధి దొరుకుతుంది, ఆగే వ్యవధి ఎక్కువైన కొద్దీ దెబ్బ తగ్గుతుంది. బంతికీ అదే సూత్రం. ఇంట్లో తెలియకుండా రెండు గుడ్లు తెచ్చి వాడికి చూపించాను. ఒకటి పగిలి నా చొక్కా అంతా పాడయింది. వాడు పడీ పడీ నవ్వాడు. అలక అప్పటితో తీరింది.

మేము ఆగస్టులో తిరిగి వచ్చేశాం. నెల ముగియకముందే మనమడు ఫోను చేశాడు. 22వ తేదీన పెడ్రోయా బోస్టన్ జట్టులో మొదటిసారి ఆడాడట. అయితే ఆ ఏడు అతను ఏమంత బాగా ఆడలేదు. 2007 ఏప్రిల్‌లో మరీ అన్యాయం. వెయ్యి ప్రయత్నాలకు 182 వంతున మాత్రమే బంతిని బాగా కొట్టగలిగాడు, మూడు వందలుంటే గాని మంచి ఆటగాడనరు. బోస్టన్ జనం అతన్ని తీసెయ్యమన్నారు. జట్టు మేనేజరు టెరీ ఫ్రాంకోనా మాత్రం తీసెయ్యలేదు. సంవత్సరం ముగిసేసరికి ఆ 182 కాస్తా 317 అయింది! కొత్త ఆటగాళ్ళలో మొదటివాడన్న బహుమానం అతనికే ఇచ్చారు.

ఆ సెప్టెంబరు 1న బోస్టన్ పిచ్చరు క్లే బుక్‌హోల్జ్, పెద్ద జట్టులో అది అతనికి రెండో ఆట మాత్రమే, ఎదుటివాళ్ళకు ఒక్క మంచి దెబ్బ కూడా ఇవ్వకుండా ఆట ముగించాడు. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక బంతి నడిమధ్యగా దూసుకుపోతుంటే, పెడ్రోయా చేప ఎగిరినట్టు అడ్డంగా దూకి పట్టి, లేస్తూనే విసిరాడు. అది చేజారితే ఆ ఘనత పోయేదే. మరుసటి నెలలో బోస్టన్ ప్రపంచ సిరీస్ గెలిచింది. ఆ మొదటి ఆటలో బోస్టన్ తరఫున బ్యాటు పట్టిన మొదటివాడు పెడ్రోయా, మొదటి దెబ్బే హోం రన్. చేతి ఎముక ఒకటి విరిగి ఉండగా ఆడాడని ఆ తరవాతగాని బయటపడలేదు. 2008లో 213 దెబ్బలు కొట్టి ఆ లీగ్‌కంతటికీ ఉత్తమ ఆటగాడయాడు.

2017లో ఎదుటి ఆటగాడు బేసులోకి జారుతూ వచ్చి తగలటంతో అతని మోకాలు దెబ్బతిన్నది. శస్త్రచికిత్సలు ఎన్ని చేసినా లాభం లేకపోయింది. 2018లో మూడు ఆటలు, 2019లో ఆరు. ఆ ఆరు ఆటలలో దెబ్బలు రెండే. అంతకుముందు అతని మొత్తం సగటు వెయ్యికి 300. ఆ చివరి ఆటలతో అది 299 అయింది. ఆడకుండా ఉంటే 300గానే నిలిచేది. లెక్కల మేష్టర్ని కనక ఆ ఒకటి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా మనమడు మాత్రం, "ఆడకుండా ఎలా ఉంటాడు తాతయ్యా!" అన్నాడు. 2021 ఫిబ్రవరిలో అతను ఆట విరమించాడు. పటకెట్ జట్టు కూడా ఆ ఏడే వుస్టర్ అనే ఊరికి తరలిపోయింది. ఆ పాత ఆటస్థలాన్ని 2025లో కూలగొట్టటం మొదలుపెట్టారు.

మా మనమణ్ణి 2007 వసంతంలో పిల్లల జట్టువాళ్ళు రెండవ బేసులో నిలబెట్టారు. హైస్కూలు జట్టులో మాత్రం వాడికి చోటు దొరకలేదు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఆదివారాలు స్నేహితులతో ఆడతాడు. నాకంటె అంగుళం పొడుగు.

ఆ రోజు సీసాలో పైకి వచ్చిన బంతిని, నేను బయలుదేరేటప్పుడు వాడు నా సంచిలో పెట్టాడు. అది ఇక్కడ మా అల్మైరాలో ఉంది. ఇంటికి వచ్చిన పిల్లలందరూ దాన్ని తీసి, "తాతగారూ, ఇది పెడ్రోయా సంతకమా?" అంటారు. కాదు. ఆ జట్టులోని మరెవరో చేశారు. మొదటి అక్షరం ‘జె’ అని కొందరు, ‘టి’ అని కొందరు వాదిస్తారు, తక్కినదంతా ఒక్కటే వంకరగీత. అతను పెద్ద జట్టుకు వెళ్ళాడో, పటకెట్ నుంచే ఇంటికి మళ్ళాడో. అందరి సీసాలూ పైకి పోయాక, మిగిలిపోయిన మా సీసాలోంచి బంతి తీసినవాడు మాత్రం అతనే.